ఏడుగురి జట్టు

పదహారేళ్ళ కాపురంలో ఉప్పు డబ్బా ఏ అరలో ఉందో ఆయనకు తెలియలేదు గానీ, లేని మనుషుల మోకాళ్ళ నొప్పులు మాత్రం పేరుపేరునా తెలుసు.

"మా లెఫ్ట్ హ్యాండర్ ఇంకో రెండు వారాలు ఆడలేడట" అంటాడు, కంచం ముందు మొహం వేలాడేసుకుని.

"పాపం, కాపడం పెట్టమంటారా?" అంటుంది ఆవిడ.

ఫోన్‌లో క్రికెట్ ఆట. పైసా కట్టక్కర్లేదు. జట్టు మనది, ఆడించేది కంప్యూటరు. శనివారం సాయంత్రం ఆరులోపు పదకొండు మందిని వరసలో పెట్టాలి. పెట్టకపోతే కిందటిసారి వరసే దిగుతుంది. ఖాళీలుంటే కంప్యూటరు ఎవరో ఒకరిని తోసేస్తుంది. అరవై రోజులు తొంగిచూడకపోతే జట్టే ఉండదు.

కళ్ళజోళ్ళ షాపులో పొద్దస్తమానం అద్దాలు అరగదీసే మనిషికి అదొక్కటే సరదా.

ఆయన తమ్ముడికీ అంతే. లిఫ్టులు బాగుచేసేవాడు, ఊరి ఆ చివర ఒంటిగదిలో ఉండేవాడు. అన్నదమ్ములు ఫోన్లు చేసుకోవడం మానేసి చాలా కాలమైంది. కోపాలేం లేవు, మాటలన్నీ ఆ ఆటలోని మెసేజుల్లోనే.

మ్యాచ్ ముందు మరిదిది ఎప్పుడూ ఒకటే నాటకం. "జ్వరం అన్నయ్యా, జట్టు పెట్టలేదు, ఈసారికి నువ్వే గెలుచుకో." ఒకసారి కాలు విరిగిందన్నాడు. అన్నయ్య జాలిపడి కొత్తవాళ్ళను దింపేవాడు. తమ్ముడు చితక్కొట్టేవాడు.

లిఫ్టు గోతిలో సిగ్నల్ ఉండదు. అలాంటి శనివారాల్లో ఆ జట్టును పెట్టింది ఆవిడే. "పాస్‌వర్డ్ ఇదిగో వదినా, అన్నయ్యకు మాత్రం చెప్పకు."

మూడుసార్లు మొగుణ్ణి ఓడించింది. మూడుసార్లూ వేడివేడి కాఫీ ఇచ్చి ఓదార్చింది.

మరిది పోయి తొమ్మిది నెలలు.

అతను పోయిందీ శనివారమే. ఆయన నూట నలభై పరుగులతో గెలిచి, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. కాసేపటికి మరిది పక్కగదివాళ్ళు ఫోన్ చేశారు. గుండె అన్నారు.

"ఒక్క మాట చెప్పి ఉంటేనా" అన్నాడాయన, పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరితో. "ఎవరికీ చెప్పలేదు."

అత్తగారు ఆ మాట పట్టుకున్నారు.

"చెప్పడానికి నోరు లేదా వాడికి? నేను చచ్చానా? మొండి వెధవ!"

చిన్నకొడుకు ఫోటోను గోడవైపు తిప్పేశారు. అది ఇప్పటికీ గోడనే చూస్తోంది.

పదో రోజున, ఆ జట్టు చెరిగిపోకూడదని ఆవిడ మరిది ఖాతా తెరిచింది.

వరసలో ఏడు పేర్లే ఉన్నాయి. ఎనిమిదో గడి నుంచి ఖాళీ.

ఎన్ని నాటకాలాడినా మరిది జట్టును సగంలో వదిలిన మనిషి కాడు.

కింద రెండు మెసేజులు. చదివింది. ఫోన్ పక్కన పెట్టి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది. ఆయనే నోరు విప్పుతాడని చూసింది.

ఆ తర్వాత ప్రతి శనివారం తెరిచేది. ఖాళీలు నింపడానికి మాత్రం చేతులు రాలేదు.

ప్రతి శనివారం అదే ఏడుగురు, కంప్యూటరు తోసిన నలుగురు దిగేవారు. ఓడిపోయేవారు.

ఆయన అన్నం తగ్గించాడు. ఫోన్‌ను బోర్లా పెట్టడం నేర్చుకున్నాడు.

ఈ శనివారం మ్యాచ్ మళ్ళీ అన్నదమ్ముల మధ్య పడింది. అయిదున్నరకే షాపు కట్టేసి వచ్చి, వంటింట్లో స్టూలు మీద కూలబడ్డాడు.

"ఇదిగో…" గొంతు తగ్గించాడు. "చిన్నోడి పేరు పక్కన పచ్చ లైటు వెలుగుతోంది."

"వెలగనివ్వండి."

"ప్రతి శనివారం వెలుగుతోందే. ఎవరో వస్తున్నారు. చూస్తున్నారు. పోతున్నారు."

"ఏమన్నా అంటున్నారా?"

ఆయన ఫోన్‌ను గట్టు మీద బోర్లా పెట్టాడు.

ఆవిడ చెయ్యి తుడుచుకుని, తన ఫోన్ ఆయన ఫోన్ పక్కన పెట్టింది. ఆయన తన ఫోన్‌లో ఎప్పుడో చెరిపేసిన మాటలు, తమ్ముడి వైపు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ఆ శనివారం నాలుగూ పదికి: "అన్నయ్యా, ఛాతీ మీద ఏదో బరువుగా ఉంది. షాపు కట్టేసి ఒకసారి రాగలవా?"

నాలుగూ పధ్నాలుగుకి ఆయన జవాబు: "పాత నాటకమే. ఆరింటికి చూసుకుందాం."

చాలాసేపు చదివాడు, రెండే రెండు మెసేజులు.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"పదో రోజు నుంచి."

"మరి అడగలేదేం?"

"అడిగితే నాకు చెప్తారు. చెప్పాల్సింది నాకు కాదుగా."

ఆరుకి ఇంకా ఏడు నిమిషాలుంది.

ఆయన ఆవిడ ఫోన్ అందుకున్నాడు. ఎనిమిది. తొమ్మిది. పది. పదకొండు. తనను ఓడించగలవాళ్ళనే ఏరి ఏరి పెట్టాడు.

ఫోన్ అక్కడే పెట్టి, లేచి ముందుగదిలోకి నడిచాడు. అత్తగారు ఆరిన బట్టలు మడత పెడుతున్నారు.

"ఏంట్రా ఆ మొహం? ఓడిపోయావా?"

ఆయన ఫోటోను ఇటు తిప్పాడు.

"వాణ్ణెందుకు తిప్పుతావు? ఎవరికీ చెప్పకుండా…"

"చెప్పాడమ్మా."

అత్తగారి చేతిలో చొక్కా సగం మడతలో ఆగిపోయింది.

"నాకు చెప్పాడు. రమ్మన్నాడు. నేనే నమ్మలేదు."

వంటింట్లో రెండు ఫోన్లూ ఒకేసారి మోగాయి, మ్యాచ్ మొదలైందని.

"వాడి తప్పేం లేదమ్మా. తప్పు నాది."