పరుగెత్తి పెరిగిన కిలోన్నర

వేదవ్యాస బరువు మిషన్ దిగి, బనియన్ విప్పి, మళ్లీ ఎక్కాడు. అంకె మారలేదు. ఎనభై తొమ్మిదిన్నర.

“ఎనిమిది రోజుల కిందట ఎనభై ఎనిమిది. రోజూ తెల్లారి మూడు కిలోమీటర్లు పరిగెత్తి, కిలోన్నర పెంచుకున్నా,” అన్నాడు నీరసంగా.

“జంధ్యం కూడా తీసి చూడండి,” అంది వంటింట్లోంచి అతని భార్య సీతాలక్ష్మి.

ఆమెకు ఈ పరుగు మొదటిరోజు నుంచీ గిట్టలేదు. నలభై ఎనిమిదేళ్ల గుమాస్తా నిక్కరేసుకుని జమ్మలమడుగు కాలేజీ గ్రౌండు చుట్టూ తిరిగితే చూసేవాళ్లు నవ్వరా అని ఆమె బాధ. కానీ అతనికి తప్పదు. వచ్చే నెల ఇరవయ్యో తేదీకల్లా ఎనభై ఐదుకు దిగితేనే ఆపరేషన్ అని తిరుపతి డాక్టరు తేల్చి చెప్పాడు. తప్పితే మళ్లీ వంతు రావడానికి మూడు నెలలు. అన్నాళ్లు ఆగడం మంచిది కాదని కూడా ఆయనే చెప్పాడు.

“కూర్చోండి. ఓళిగలు చేసినా.”

“డాక్టరు తగ్గమంటాడు, నువ్వు ఓళిగలు పెడతాండావు.”

“పరిగెత్తే మనిషికి బలం వద్దా?” అంటూ ఆమె ఆ బొబ్బట్ల మీద నెయ్యి గిన్నె వంచేసింది. తాను మాత్రం ఒక్కటీ ముట్టలేదు. అతను వద్దు వద్దంటూనే మూడు లాగించాడు. నోరు కట్టుకోవడం వాళ్ల వంశంలోనే లేదు.

మర్నాడు గ్రౌండులో రిటైరైన డ్రిల్లు మాస్టరు ఫకీర్ సాహెబ్ పట్టుకున్నాడు.

“ఏంది సామీ, మొగం అట్ల వేలాడేసినావు?”

“పెరిగినా సాహెబ్. కిలోన్నర.”

“అది కొవ్వు గాదు సామీ, నీళ్లు. కొత్తగా పరిగెత్తితే కండలు నొప్పి పడతాయి. నొప్పి పడిన కండ నీళ్లు పట్టుకుంటాది. రెండు మూడు వారాలకు అదే పోతాది. శానామంది ఈడనే బెదిరి మానేస్తారు.”

“ఖాయంగా పోతాదా?”

“ముప్పై ఏండ్లు పిల్లోళ్లను పరిగెత్తించినా. రోజూ మిషన్ ఎక్కొద్దు, వారానికొకసారి చూడు. ఇంతకీ ఏం తింటాండావు?”

“ఓళిగలు.”

“ఎన్ని?”

“పెట్టినన్ని.”

“అయితే ఆ నీళ్లలో రవ్వంత నెయ్యి కూడా ఉండాది సామీ.”

వేదవ్యాస ఇంటికొచ్చి, పెరిగింది ఉత్త నీళ్లేనని ఉత్సాహంగా చెప్పాడు.

“నీళ్ల బరువు గురించి నాకు చెప్తాండారా?” అని సీతాలక్ష్మి పళ్లెం ముందుకు తోసింది. ఈసారి వడలు, పక్కనే పాయసం.

అతనికి చిర్రెత్తుకొచ్చింది. “నేను తగ్గకూడదనే చేస్తాండావు గదా?”

“అవును,” అందామె, అతని మొహంలోకి చూస్తూ. “నిక్షేపంగా తిరుగుతాండే మనిషి పోయి కోయించుకుంటాడా ఎవరైనా? నా వల్ల కాదని చెప్పేయండి ఆ డాక్టరుకు. నాకు భయం.”

“భయపడాల్సింది నేను గదా?”

“మీకు ఆ బుద్ధి లేదు కాబట్టే మీ వంతు కూడా నేనే పడతాండా.”

ఆమె కళ్లు తుడుచుకుంది. వేదవ్యాసకు జాలేసింది, అయినా పళ్లెం పక్కకు జరిపాడు. పెళ్లయి ఇరవై రెండేళ్లకు ఆమె చేతి వంట ముట్టకుండా వదిలేయడం అదే మొదటిసారి. ఆ రోజు నుంచి రెండు జొన్న రొట్టెలు, ఒక గ్లాసు మజ్జిగ. వారానికి రెండుసార్లు ఇద్దరూ ప్రొద్దుటూరు ఆస్పత్రికి పోయి వచ్చే రోజుల్లో కూడా పరుగు మానలేదు. ఫకీర్ సాహెబ్ చెప్పినట్టే మూడో వారానికి అంకె దిగడం మొదలుపెట్టింది. ఎనభై ఏడు. ఎనభై ఆరు.

ఇరవయ్యో తేదీన తిరుపతిలో, డాక్టరు గదిలో, వేదవ్యాస ఊపిరి బిగబట్టి మిషన్ ఎక్కాడు.

“ఎనభై నాలుగు ఎనిమిది వందలు,” అన్నాడు డాక్టరు సంతోషంగా. “సోమవారం వచ్చి ఇద్దరూ చేరండి.”

“నా నెయ్యంతా దండగ,” అని గొణిగింది సీతాలక్ష్మి. వేదవ్యాస ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

నర్సు రెండు ఫారాలు బల్ల మీద పెట్టి పెన్ను తెరిచింది. “కిడ్నీ ఎవరిది, ఎవరికి?”

“ఆయనది, నాకు,” అంది సీతాలక్ష్మి.