మాత్ర మానని పథ్యం

"అన్నం మానేసి నెయ్యి తాగుతున్నవట, కొవ్వెక్కిందా బావా?" అన్నాను ఇప్పపువ్వు తూస్తూ.

ఉసూర్ సంతలో నా దుకాణం ముందు కూర్చుని బావ కనకరాజు గుడ్డు ఒలుచుకుంటున్నాడు.

"కీటో అంటరు. బరువు తగ్గింది, షుగర్ దిగింది. నీకేం తెలుసు?"

గుడ్డు చేతిలోంచి జారింది. వేళ్లు వణుకుతున్నాయి, చొక్కా చెమటతో తడిసిపోయింది.

"పొద్దుగాలే తాగినవా ఏంది?"

"తాగలేదన్నా, షుగర్ మాత్రే వేసుకున్నడు," అంది బావ పక్కనే ఉన్న చెల్లె భద్రమ్మ కంగారుగా.

"అన్నం మానినంక కూడా అదే మాత్రనా? డాక్టర్‌ను అడగలేదా?"

"ఫోన్ల చూసుకున్నడు."

ఎండు ఇప్పపువ్వు గుప్పెడు తీసి బావ నోటికి అందించాను. మొహం తిప్పుకున్నాడు.

"తీపి వద్దు. పథ్యం చెడుతది."

"నమలు. నీ పథ్యం ఉత్తదని నవ్విన. అది పనిచేసింది కాబట్టే షుగర్ ఇంత పడిపోయింది. రాబడి ఆపి ఖర్చు అట్లనే ఉంచితే ఏ దుకాణం నిలుస్తది?"

నమిలాడు. కాసేపటికి వణుకు తగ్గింది. ఆసుపత్రికి ఆటో ఎక్కించగానే మళ్లీ ఫోన్ తీశాడు.

"ఏం చూస్తున్నవు?"

"ఇప్పపువ్వుల చక్కెర ఎంతుంటదో."

ఫోన్ లాక్కుని, చెల్లె సంచిలోంచి షుగర్ మాత్రల పట్టీ తీసి అతని చేతిలో పెట్టాను.

"ఇది డాక్టర్‌కు చూపియ్యి."