ముగింపు చూడని ముసలాయన

వాన్నెస్ దొంగతనానికి కావాలనే పందెం రోజును ఎంచుకున్నాడు. ఆ ఆదివారం ఫ్లాండర్స్‌లో ఇళ్ళల్లో మిగిలేది మంచాన పడ్డవాళ్ళూ పిల్లులూ మాత్రమే. రెండొందల అరవై కిలోమీటర్ల సైకిల్ పందెం తమ ఊరి రాళ్ళు పరిచిన గుట్ట దారి ఎక్కుతుంటే ఇంట్లో కూర్చునే మనిషి ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

దొంగతనమంటే పెద్దదేం కాదు. ఒక్క పతకం. యాభై రెండేళ్ళ కిందట వడగళ్ళ వానలో అతని తండ్రి ఓడీల్ ఈ పందెం గెలిచి తెచ్చుకున్నది. రోజులు బాగాలేనప్పుడు అమ్మ దాన్ని బీరు ఫ్యాక్టరీ లాంబ్రెక్ట్‌కి అమ్మేసింది. ఆ పెద్దమనిషి దాన్ని భోజనాల గదిలో అద్దాల బీరువాలో పెట్టుకుని, తనే తొక్కి గెలిచినంత గొప్పగా వచ్చినవాళ్ళకి చూపిస్తాడు. తిరిగి కొనుక్కుంటానని వాన్నెస్ మూడుసార్లు బతిమాలాడు. మూడుసార్లూ నవ్వి పంపించేశాడు. ఇప్పుడు ఓడీల్ ఆసుపత్రిలో ఉన్నాడు. డాక్టర్లు వారం అన్నారు. ఆలోగా ఆ పతకం నాన్న అరచేతిలో పెట్టలేకపోతే తను కొడుకై పుట్టీ దండగే అనుకున్నాడు వాన్నెస్.

నాలుగుంబావుకి సైకిళ్ళు గుట్ట ఎక్కుతాయి. అవి దాటగానే జనమంతా ముగింపు టీవీలో చూడ్డానికి ఇళ్ళకి పరుగెత్తుకొస్తారు. ఈలోగా బయటపడాలి.

నాలుగు కాకముందే లాంబ్రెక్ట్ ఇంటి పెరటి తలుపు తోశాడు. గడియ పెట్టి లేదు. అదృష్టం కలిసొచ్చిందనుకుంటూ హాల్లో అడుగుపెట్టి, అక్కడే కొయ్యబారిపోయాడు.

టీవీ ముందు ఓ ముసలాయన కూర్చుని ఉన్నాడు. టీవీ అప్పుడే పెట్టినట్టుంది, బొమ్మ ఇంకా సరిగ్గా రాలేదు. ఆయన కాళ్ళ దగ్గర ఓ పెద్ద పెట్టె. ఆయనా ఓ క్షణం తెల్లబోయి, ఆ తర్వాత నోరారా నవ్వాడు.

"రా అబ్బాయ్, నిలబడ్డావేం? ఇంకా ముప్పై కిలోమీటర్లుంది."

లాంబ్రెక్ట్ మామగారు కాబోలు, ఖర్మ అనుకున్నాడు వాన్నెస్. యాంటెన్నా బాగుచెయ్యడానికి వచ్చానని గొణిగాడు. ముసలాయన ఇంకేమీ అడక్కుండా బీరు పొయ్యడానికి లేచి, మూడు అల్మరాలు వెతికితేగాని గ్లాసులు దొరకలేదు. ఈ ఇంట్లో ఆడవాళ్ళు ఏ వస్తువునీ ఒక చోట ఉండనివ్వరని విసుక్కున్నాడు.

ముసలి ప్రాణం, కాసేపటికి కునుకు తియ్యకపోతాడా అని వాన్నెస్ కోటు విప్పి కుర్చీకి తగిలించి కూర్చున్నాడు. టీవీలో వ్యాఖ్యాత పాత కథలు తవ్వుతూ, ఆ వడగళ్ళ వాన సంవత్సరం ఓడీల్ గెలిచిన సంగతి ఎత్తాడు. "మా నాన్న," అని వాన్నెస్ నోరు జారాడు.

ముసలాయన గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు ఓడీల్ కొడుకువా? ఆ రోజు నేను గుట్ట మీదే ఉన్నానయ్యా. అందరూ దిగి నడుస్తుంటే ఆయనొక్కడే తొక్కుతూ ఎక్కాడు. ఎలా ఉన్నాడిప్పుడు?"

ఆసుపత్రి సంగతి చెప్పాడు వాన్నెస్. ఆ పతకం ఒక్కసారి చూడాలని కలవరిస్తున్నాడని కూడా చెప్పాడు. అది ఎక్కడుందో మాత్రం మింగేశాడు.

ముసలాయన కాళ్ళ దగ్గరి పెట్టె వైపు ఓసారి చూశాడు. సైకిళ్ళు గుట్ట మొదట్లోకి రాగానే లేచి, కూతురు స్టేషన్లో ఎదురుచూస్తుంటుంది, పెట్టె కాస్త కారెక్కించమన్నాడు. మాత్రలేవో మరిచానంటూ దాన్ని వారగా తెరిచి, తడుముకుని, మూశాడు. బయట గాలి కోసేస్తోందంటూ వాన్నెస్ కోటు తనే పట్టుకుని తొడిగాడు. పెట్టె గుండ్రాయిలా ఉంది. జాగ్రత్తగా వెళ్ళండి పెద్దాయనా అని సాగనంపాడు వాన్నెస్.

ముగింపు చూడకుండా వెళ్ళే మనిషి ఈ దేశంలో ఉన్నాడా అని ఆశ్చర్యపోతూ లోపలికొచ్చాడు. ఇక ఇల్లంతా తనదే. భోజనాల గది పదడుగుల దూరం. కానీ టీవీలో తమ జిల్లా కుర్రాడు గుట్ట దిగి ఒంటరిగా దూసుకుపోతున్నాడు. వెనక గుంపుకి పదమూడు సెకన్లే ఎడం. ఒక్క నిమిషం చూద్దామని నిలబడ్డాడు. తర్వాత కుర్చీ అంచున కూర్చున్నాడు. తర్వాత ఎందుకొచ్చాడో మరిచిపోయాడు.

వీధి తలుపు తెరుచుకునేసరికి ఇంకా మూడు కిలోమీటర్లుంది.

చేతిలో జెండాతో లాంబ్రెక్ట్, వెనకాలే డ్యూటీ దిగి బీరుకొచ్చిన ఊరి పోలీసు.

"నువ్వా? నా ఇంట్లో ఏం చేస్తున్నావ్?"

"మీ మామగారే లోపలికి రమ్మన్నారు సార్."

"మా మామ పోయి ఆరేళ్ళయింది."

లాంబ్రెక్ట్ భోజనాల గదిలోకి పరుగెత్తాడు. వెండి సామానంతా ఊడ్చుకుపోయింది. అద్దాల బీరువా బోసిగా ఉంది. వాన్నెస్‌కి ఆ పెట్టె బరువు ఇప్పుడు అర్థమైంది. నాన్న పతకాన్ని తన చేతులతోనే కారెక్కించి సాగనంపాడు.

"వెండి ఒక్కటే పోతే ఎవరో అనుకునేవాణ్ణి," అన్నాడు లాంబ్రెక్ట్ పోలీసుతో. "పతకం కూడా పోయిందంటే వీడే."

వాన్నెస్‌కి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. దొంగతనానికి వచ్చి, ఏమీ దొంగిలించకుండానే దొంగనిపించుకోవడం కన్నా అన్యాయం ఉంటుందా?

"ఈ ఇంట్లో పూచికపుల్ల ముట్టుకోలేదు నేను. ఇదిగో, జేబులు చూసుకోండి," అంటూ పోలీసు ఎదుటే కోటు జేబులో చెయ్యి పెట్టాడు.

చల్లగా, గుండ్రంగా, రిబ్బనుతో సహా నాన్న పతకం చేతికి తగిలింది.