వీధి మూసే పరీక్ష

పర్యావరణ అధ్యయన డిగ్రీలో ఆఖరి ప్రాక్టికల్ అంటే ఒక వీధిని ఖాళీ చేయించి మూసేయడమే. సముద్రం మీదికొస్తున్న ఊళ్లన్నిట్లోనూ అదిప్పుడు మామూలే. ఆఖరేడు చదువుతున్న నూకరత్నానికి చీటీలో సొంత మేనత్త పోలమ్మ ఉండే వీధే వచ్చింది. మార్చమని అడిగితే, అయినవాళ్లు చెబితే జనం గొడవ చేయరని సోషియాలజీ మేడం మురిసిపోయింది. బోరు నీళ్లు విషమని కెమిస్ట్రీ సారు, గోడ కట్టడం కన్నా జనాన్ని పంపేయడమే చవకని ఎకనామిక్స్ సారు, నోటీసిస్తే చాలని లా సారు అప్పటికే తేల్చేశారు. ఒక్కరి మాటలోనూ అబద్ధం లేదు, అదే వచ్చిన చిక్కు. ఇన్ని శాస్త్రాలు కలిపి నేర్పే చదువు ఇదొక్కటేనని కాలేజీ గోడ మీద పెద్దక్షరాలతో రాసుంటుంది.

పోలమ్మ గుమ్మం ముందు చేపలు ఎండబెడుతోంది. మెళ్లో మార్కులు వేసే కెమెరా వేలాడుతుండగా రత్నం నోటీసంతా పైకి చదివింది. తొంభై రోజుల్లో వీధంతా ఖాళీ చేయాలి.

"ఈ నీళ్లు బాగుచేస్తావనే కదే నిన్ను ఆ చదువులో చేర్పించాను?" అంది పోలమ్మ.

రత్నం నోటీసునీ సిరా డబ్బానీ ముందుకు చాపింది. పోలమ్మ చేతులు చీరకు తుడుచుకుని వేలిముద్ర వేసింది. వెంటనే కెమెరా మీద మార్కులు వెలిగాయి.

"ఎన్నొచ్చాయే?"

"తొంభై ఆరు."

"ఆ నాలుగూ ఎందుకు కోశారు?"

"చదివేటప్పుడు గొంతు వణికిందట, అత్తా."

పోలమ్మ వంగి ఒక్కో చేపనీ తిరగేసింది.

"ఇంకో రెండు వీధులు మూశాక అదే సర్దుకుంటుందిలే."