దొరగారి గాయం

“కుక్క సంగతి తర్వాత, ముందు బాతును చూడండి అన్నయ్యగారూ!” గోడ మీంచి అరిచింది పక్కింటి టైలరమ్మ.

మిక్సీల మెకానిక్ చేతిలో చీపురు అవతల పారేశాడు. కుక్క అప్పటికే గేటు దాటిపోయింది. బాతు కుళాయి పక్కన ఒరిగి పడి ఉంది. తెల్లటి రెక్క కింద నెత్తురు. చేతుల్లోకి తీసుకుంటే అది అరవను కూడా లేదు. ముక్కు తెరిచి మూసిందంతే.

తప్పు తనదే. “గేటు గడియ మర్చిపోకండి, దొరగారు జాగ్రత్త” అని ఆసుపత్రికి వెళ్తూ భార్య ఒకటికి పదిసార్లు చెప్పింది. ఛాతీ విరుచుకుని నడుస్తుందని ఆ బాతును ఆవిడ దొరగారనే పిలుస్తుంది. ఆవిడకి కడుపులో రాళ్ళు తీసే చిన్న ఆపరేషన్. నిన్ననే అయిపోయింది. రేపు ఇంటికి పంపిస్తామన్నారు. తోడుగా కూతురు ఉంది.

టైలరమ్మ తన ఫోన్లో పశువుల డాక్టరును పట్టుకుంది. ఆయన సాయంత్రం దాకా రాలేనన్నాడు. “గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో బాగా కడగండి. గాయంలో ఈక ముక్క కూడా మిగలకూడదు. వెచ్చగా, చీకట్లో ఉంచండి. నోట్లో బలవంతంగా ఏమీ పొయ్యకండి” అని చెప్పి పెట్టేశాడు.

వంటగది బల్ల మీద తువ్వాలు పరిచారు. టైలరమ్మ రెక్కలు కదలకుండా చుట్టి పట్టుకుంది. మిక్సీల్లో సన్న వైర్లు లాగే పట్టకారును అతను మరిగే నీళ్ళలో ముంచి తీశాడు. గాయానికి అతుక్కుపోయిన ఈకల్ని ఒక్కొక్కటే ఏరాడు. పంటి గాట్లు అతను అనుకున్నదానికంటే లోతుగా ఉన్నాయి.

అప్పుడు మోగింది అతని ఫోన్. ‘ఇంటావిడ’ అని వెలిగింది.

“ఎత్తండి అన్నయ్యగారూ.”

“ఏమని ఎత్తను? దొరగారేం చేస్తున్నారనే అడుగుతుంది.”

“బాగానే ఉన్నారని చెప్పండి.”

“నాకు అబద్ధం అతకదమ్మా. హలో అంటే చాలు, ఇట్టే పట్టేస్తుంది. కుట్లు పచ్చిగా ఉన్న మనిషి, వెక్కి వెక్కి ఏడిస్తే?”

ఫోన్ మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

“పోనీ, పాప చేస్తోందేమో!”

“తల్లీకూతుళ్ళకి అక్కడ ఉన్నది ఒకటే ఫోను. పాప చేసినా పక్కన వినేది ఆవిడే కదా!” అంటూ ఫోన్ తీసుకెళ్ళి పడకగదిలో దిండు కింద పెట్టి వచ్చాడు.

గాయం కడగడం అయ్యాక బాతును అట్టపెట్టెలో పడుకోబెట్టి, పక్కన వేణ్ణీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పెట్టారు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి అది మెడ కూడా వాల్చేసింది. కళ్ళ మీద తెల్లటి పొర కమ్మింది. అతను పెట్టె ముందు చతికిలబడ్డాడు.

“ఒరేయ్ దొరా, నీకు దణ్ణం పెడతాను. ఎన్నిసార్లు నా పిక్కలు పొడిచావు, ఒక్క మాటన్నానా? అన్నాన్లే, కొట్టలేదుగా! రేపు ఆవిడ గుమ్మంలోకి రాగానే ముందు నిన్నే పిలుస్తుందిరా. నేనేం చూపించను?”

అతని భుజాలు కదిలిపోతుంటే టైలరమ్మ అటు తిరిగి కళ్ళు ఒత్తుకుంది.

లోపల ఫోన్ మోగుతూనే ఉంది. కాసేపటికి అదీ ఆగిపోయింది.

“అలిగినట్టుంది,” ముక్కు తుడుచుకుంటూ అన్నాడు. “రేపు నాకు చీవాట్లే.”

ఎండ వాలుతున్న వేళ పెట్టెలో గరగరమని చప్పుడైంది. బాతు తల ఎత్తింది. పక్కన పెట్టిన నీళ్ళ గిన్నెలో ముక్కు ముంచింది. లేవబోయి పడింది. మళ్ళీ లేచి, ఈసారి నిలబడి, బొంగురుగా ఒక్క కూత కూసింది.

“లేచారమ్మా! దొరగారు లేచారు!”

అతను పడకగదిలోకి పరిగెత్తాడు. దిండు కింది ఫోన్ తీసి భార్యకు చేశాడు. అవతల వెంటనే ఎత్తారు.

“ఏమోయ్, కోపమా? తిట్టేముందు నా మాట విను. గేటు తెరిచి వదిలేశాను, కుక్క దూరి దొరగార్ని కరిచింది. నీకెలా చెప్పాలో తెలీకే ఫోనెత్తలేదు. ఇప్పుడు గండం గడిచిందిలే. నీళ్ళు కూడా తాగాడు. ఇదిగో, నువ్వే విను...” పెట్టె దగ్గరికి వచ్చి ఫోన్ బాతు ముక్కు దగ్గర పట్టుకున్నాడు. అది మళ్ళీ కూసింది. “విన్నావా?”

అవతలి నుంచి కూతురి గొంతు వినిపించింది.

“అమ్మకి ఉన్నట్టుండి ఆయాసం వచ్చింది నాన్నా. ఒక్కసారి నీ గొంతు వినాలంది... ఊపిరి ఉన్నంతసేపూ నీకే చేస్తూ ఉంది.”