పగటిపూట దయ్యం

"హీరోయిన్ సెట్టుకి రాకుండా భోజనాలేమిటి? తియ్యండి ఆ కంచం."

డైరెక్టరుగారు కంచాన్ని ఒక్క తోపు తోశాడు. అన్నం దుప్పటి నిండా పడింది. కూతురు మెతుకులు ఏరడం మొదలుపెట్టింది.

నిన్న పొద్దుటినుంచీ ఇదే వరస. ఆయన దృష్టిలో ఇది పడకగది కాదు, సెట్టు. ఒక్క షాటు మిగిలిపోయింది. అది ఓకే అయ్యేదాకా యూనిట్లో ఎవరూ ముద్ద ముట్టడానికి వీల్లేదు, ఆయనతో సహా. ఆ హీరోయిన్ ఎవరో కాదు, ఆయన భార్యే. పోయిన వేసవిలో కన్నుమూసింది. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా, "డేట్లిచ్చింది, వస్తుంది" అంటాడు.

"ఏమోయ్ అల్లుడూ, ఈ అసిస్టెంటు పిల్లనెక్కణ్ణించి పట్టుకొచ్చావ్? ఎప్పుడు చూసినా ముక్కు చీదుతూ ఉంటుంది."

చోద్యం కాకపోతే ఏమిటి? ఏనాడూ పొసగని అల్లుణ్ణి ఇట్టే గుర్తుపడతాడు. కన్నకూతురు మాత్రం అసిస్టెంటు పిల్ల.

ఆమె వరండాలోకి వచ్చి భర్తతో అంది: "అమ్మ వేషం నేను వేస్తాను. అమ్మ దయ్యంగా వేసినప్పటి తెల్లంగీ, విగ్గు బీరువాలోనే ఉన్నాయి."

"మతి పోయిందా నీకు? నిన్ను మీ అమ్మే అనుకుంటాడు. దాంతో నీకు ఒరిగేదేముంది?"

"నాలుగు ముద్దలు తింటాడు." ముక్కు తుడుచుకుని, "నాన్న నన్ను నోరారా పిలిచి ఎన్నాళ్లయిందో తెలుసా? అమ్మనుకునైనా పిలవనీండి. ఆ అసిస్టెంటు పిల్ల అనే మాట మాత్రం ఇంక వినలేను" అంది.

భర్త వెళ్లి బీరువా తలుపు తీశాడు.

డైరెక్టరుగారు జీవితమంతా దయ్యాల సినిమాలే తీశాడు. గురువులు పాతకాలపు జపాన్ దర్శకులు. మంచానికి ఎదురుగా గోడంతా వాళ్ల నలుపు తెలుపు ఫోటోలే. పెళ్లి ఫోటో వంటింట్లో ఫ్రిజ్ పక్కన సర్దుకుంది.

పాదాల దాకా జారే తెల్లంగీ, ముఖం మీదికి వాలిన తడి జుట్టు. ఆమె గుమ్మంలోంచి మెల్లగా లోపలికి వచ్చింది. బయట ఎండ ఫెళ్లున కాస్తోంది.

"ఆగు. ఎక్కడికా పరుగు, బస్సు తప్పిపోతుందా?" డైరెక్టరుగారు విసుక్కున్నాడు. "దయ్యం నడవదు. దూరం తగ్గుతుంది, అంతే. ఆ సినిమాల్లో చూళ్లేదూ? వాళ్ల దయ్యాలకి అసలు కాళ్లే ఉండవు. నీకేమో కాళ్లూ, వాటికి గోళ్ల రంగూనూ."

అల్లుడు కిసుక్కున నవ్వాడు. ఆమె అంగీ కిందికి లాక్కుని పాదాలు దాచుకుంది.

"పళ్లు బయటపెట్టించి కెవ్వుమనిపించడం ఎవడికైనా చాతవుతుంది. ఆ మహానుభావులు ఏం చేశారు? పట్టపగలు, ఇంత వెలుతుర్లో, ఊరికే నించోబెట్టారు. అన్యాయమైపోయిన ఆడమనిషి. ఒక్క మాటాడదు. చూసేవాడికి ముందు జాలి పుడుతుంది. ఆ జాలిలోంచి భయం పుడుతుంది. జాలిపడ్డవాణ్ణి భయం ఇంటిదాకా వెంటాడుతుంది. అర్థమైందా?"

ఆమె తలూపింది. ఎప్పుడో పోయిన దర్శకుల గురించి ఇంత చక్కగా గుర్తుందే, నేనేం పాపం చేశాను నాన్నా అని అడగాలనిపించింది. ఉక్రోషం దిగమింగుకుని మళ్లీ గుమ్మం దగ్గరికి వెళ్లింది.

"అల్లుడూ, కెమెరా కదిపావంటే ఊరుకోను. వాళ్లు కదపరు. చూసేవాడు చూపు తిప్పుకోవాలనుకున్నా తిప్పుకోలేడు."

అల్లుడు మామగారి మంచం పక్కన నిలబడి ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

ఈసారి ఆమె పాదం ఎత్తకుండా జరిగింది. జుట్టు అడ్డం పడి, నేల తప్ప ఏమీ కనిపించడం లేదు. నేల మీది ఒక్కో నాపరాయి దాటుకుంటూ గది మధ్యకు వచ్చింది.

"చాలు. అక్కడే. కదలకు."

నిలబడిపోయింది. ఫ్యాను చప్పుడు తప్ప గదిలో ఇంకేమీ వినిపించడం లేదు.

"వచ్చావా?" అన్నాడు డైరెక్టరుగారు. ఆ గొంతులో కోపం లేదు, విసుగూ లేదు. "ఎంతసేపటినుంచి చూస్తున్నానో తెలుసా? యూనిట్ మొత్తాన్ని పస్తు పెట్టావ్."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఎన్నాళ్లకు విన్నది ఆ గొంతు! అమ్మకోసమే అయితేనేం, నాన్న గొంతే కదా.

"అన్నం తింటారా?" అంది, వీలైనంత అమ్మలా.

"తింటాను. ఇదొక్కటీ ఓకే కానీ."

"ఏవండీ, తీస్తున్నారా?" అని జుట్టులోంచే భర్తను అడిగింది. అతను పలకలేదు. అలిగాడేమో అనుకుని జుట్టు కాస్త పక్కకు తప్పించి చూసింది. ఫోను ఎత్తి పట్టుకునే ఉన్నాడు. చూపు మాత్రం ఫోను మీద లేదు, ఆమె భుజం మీంచి వెనక్కి పోయింది.

డైరెక్టరుగారు రెండు చేతుల వేళ్లతో చట్రం కట్టి, ఒక కన్ను మూసి, అందులోంచి చూశాడు. నుదురు ముడిపడింది. జరగమన్నట్టు చెయ్యి ఊపాడు.

"చిట్టితల్లీ, కాస్త పక్కకి తప్పుకోమ్మా. వెనకాల మీ అమ్మ నించుంది, అడ్డమొస్తున్నావు."