నడిమి గోడ గీకిన మంగతాయారు

చందమామ నెత్తికి బొప్పి కట్టించేంత ఎత్తున ఒక ఇసుకరాతి కొండ ఉండేది. జంతువులన్నీ దాని కడుపులో ఇళ్లు తొలుచుకుని కాపురాలు చేసేవి. గది చాలకపోతే గోడ గీకడమే.

పందికొక్కు మంగతాయారు కూతురికి వచ్చిన సంబంధమల్లా "ఇల్లు ఇరుకు" అని తప్పిపోయేది. ఈసారీ తప్పితే పిల్ల ముదిరి బండరాయవుతుందని తల్లి బెంగ. అందుకని పెళ్లిచూపుల ముందు నడిమి గోడను తెగ గీకింది. రాలిన ఇసుకతో ఒక ఎడారి పరిచేయొచ్చు! పక్కింటి ఏదుపంది సూరాంబ కూడా ముళ్లు ఆరేసుకునే చోటు కోసం అదే గోడను అటునుంచి గీకుతోందని ఆవిడకేం తెలుసు?

పెళ్లివారొచ్చి కూర్చున్నారు. పెళ్లికొడుకు తల్లి ఉరిమినట్టు తుమ్మింది. అప్పడంలా పలచబడ్డ గోడ జలజలా రాలిపోయింది. అవతల గోరు పైకెత్తి సూరాంబ!

"ఎవరావిడ?"

మంగతాయారు గుండె జారి తోకలో పడింది. "మా ఇంట్లో అద్దెకుంటోంది వదినగారూ!" అనేసింది.

"అబ్బో, అద్దెకిచ్చేంత ఇల్లా! పిల్ల మహా నచ్చింది," అంది పెళ్లికొడుకు తల్లి, పిల్లను చూడకుండానే.

సూరాంబ ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. మంగతాయారు ఆవిడ నోట్లో ఒక బూరె కుక్కి, కళ్లతోనే కాళ్లు పట్టుకుంది.

సూరాంబ తాపీగా బూరె మింగింది. "ఇంటావిడ బంగారమమ్మా! ఒక్క గోడ పెట్టించమని మొత్తుకుంటున్నా, అదే పెట్టించదు."